పసిబిడ్డ రిపోర్టులో ఆ ఒక్క గడి చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో ఇమ్యూనిటీ గురించి పేజీ నిండా వచ్చిన వ్యాసం చదివాను. ఉసిరి, తిప్పతీగ, పసుపు పాలు, మునగాకు తీసుకుంటే టి కణాలు, అంటే జబ్బు క్రిములతో పోరాడే ఒక రకం తెల్లకణాలు, పెరుగుతాయని, పిల్లలకు చిన్నప్పటి నుంచే అలవాటు చేయాలని రాశారు. మునగాకు తినొద్దని నేననను, మా ఇంట్లోనూ వారానికి రెండుసార్లు మునగాకు పప్పు చేస్తారు. కానీ ఆ టి కణం అసలు ఎక్కడ పుడుతుంది, ఏ దారిన వచ్చి టి కణం అవుతుంది అనే సంగతి ఆ పేజీ మొత్తం మీద ఒక్క లైను కూడా లేదు. ఆ దారి తెగిపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే రెండుసార్లు చూశాం, అందుకే రాస్తున్నాను. ఉత్తరం పొడుగైంది, వీలైతే కోయకుండా వేయండి.

నేను నల్లగొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ని, ఇరవై రెండేళ్ల నుంచి ఇదే పని. జ్వరం అంటే చాలు డాక్టర్లు ముందు రాసేది సీబీపీ, అంటే రక్తకణాలు లెక్కపెట్టే పరీక్ష, రోజుకు అరవై డెబ్బై సీబీపీలు నా చేతి మీదుగా పోతాయి. మా తమ్ముడు మా అక్క బిడ్డనే చేసుకున్నాడు. మా దిక్కు ఇది కొత్తేం కాదు, ఆస్తి బయటికి పోదు, పిల్ల కళ్ల ముందే ఉంటది అని పెద్దవాళ్లు సంబరపడే రోజులు ఇంకా పూర్తిగా పోలేదు. వాళ్లకు మొదట ఆడపిల్ల పుట్టింది, ఐదో నెలలో చనిపోయింది. దవాఖానలో నిమోనియా అన్నారు, ఇంట్లో దిష్టి అన్నారు, మా అమ్మ తాయెత్తు కట్టించింది. రెండేళ్లకు బాబు పుట్టాడు. మూడో నెల దాటగానే దగ్గు పట్టుకుంది, తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. నోట్లో తెల్లపూత, ఎన్ని మందులు పూసినా పోలేదు. విరేచనాలు. బరువు పెరగడం ఆగిపోయింది. పుట్టగానే వేసిన బీసీజీ టీకా చోట పుండు పడి మానలేదు, చంకలో బిళ్ల కట్టింది.

నాలుగో నెలలో వాడి రక్తం నా దగ్గరికే వచ్చింది. మిషన్ రిపోర్టు ఇచ్చినా, మన పిల్లాడు కదా అని స్లైడ్ కూడా వేసుకుని, రంగు పట్టించి, నూనె చుక్క వేసి చూశాను. లింఫోసైట్, అంటే టి కణాలు, బి కణాలు చేరే తెల్లకణాల రకం, ఎట్లుంటుందో ఈ పని చేసేవాళ్లకు నిద్రలో అడిగినా చెప్తారు, గుండ్రంగా, ముదురు ఊదా రంగు కేంద్రకం, చుట్టూ సన్నటి నీలం అంచు. నాలుగు నెలల పిల్లవాడి స్లైడ్‌లో ఎక్కడికి జరిపినా అవే ముందు కనబడాలి, ఆ వయసులో తెల్లకణాల్లో సగానికి పైగా అవే ఉంటాయి. వంద కణాలు లెక్కపెట్టాను. న్యూట్రోఫిల్స్ 84, మోనోసైట్లు 5, ఇసినోఫిల్స్ 3, లింఫోసైట్లు 8. టోటల్ కౌంటు 9,400, అంటే నార్మల్. ఇన్ఫెక్షన్ ఉంది కాబట్టి న్యూట్రోఫిల్స్ పెరిగాయి, అవి పెరిగితే లింఫోసైట్ల శాతం తగ్గినట్టు కనిపిస్తది అనుకున్నాను. మా మేనకోడలు బయట బెంచీ మీద కూర్చుని ఉంది. "మామా, కౌంటు మంచిగనే ఉందా" అని అడిగింది. మంచిగనే ఉందమ్మా అన్నాను.

9,400లో ఎనిమిది శాతం ఎంతో ఆ రోజు నేను లెక్క కట్టలేదు. 752. ఆ వయసు పిల్లల్లో 3,000 కంటే తగ్గినా చాలు, ఆగి చూడాలి. రిపోర్టు చూసిన డాక్టర్ గారు కూడా హిమోగ్లోబిన్, టోటల్ కౌంటు, ప్లేట్‌లెట్లు చూసి యాంటీబయాటిక్ మార్చారు. ఆరో నెలలో హైదరాబాద్ తీసుకెళితే అక్కడ ఒక పెద్ద డాక్టరమ్మ ఛాతీ ఎక్స్‌రేను లైటుకు పెట్టి చూసి, వీళ్లకు ఇంతకు ముందు ఒక బిడ్డ పోయిందా, మేనరికమా అని రెండే ప్రశ్నలు అడిగారు. పసిపిల్లల ఎక్స్‌రేలో గుండె పైభాగాన థైమస్ గ్రంథి నీడ ఉండాలి, వీడికి లేదు. తర్వాత చేసిన పరీక్షలో టి కణాలు దాదాపు సున్నా, బి కణాలు దాదాపు సున్నా, ఉన్న ఆ కాసిన్ని లింఫోసైట్లూ ఎన్‌కే అనే వేరే రకం. ఈ జబ్బు పేరు సివియర్ కంబైన్డ్ ఇమ్యునోడెఫిషియెన్సీ, పొట్టిగా ఎస్‌సీఐడీ (SCID) అన్నారు. ఏడో నెల నిండకముందే వాడు పోయాడు.

అప్పటి నుంచి ఈ విషయం చదువుతూనే ఉన్నాను. ఇరవై ఏళ్లు లింఫోసైట్లు లెక్కపెట్టినవాణ్ని, అది ఎట్లా తయారవుతుందో సరిగ్గా తెలుసుకున్నది మాత్రం ఆ తర్వాతే.

మర్రిగూడ, మునుగోడు దిక్కు ఎముక అనగానే మనకు ఫ్లోరైడ్‌తో వంగిపోయిన కాళ్లే గుర్తొస్తాయి. అదే ఎముక లోపల ఉండే ఎర్ర మజ్జలో రక్తానికి మూలకణాలు ఉంటాయి. ఎర్రకణం, తెల్లకణం, ప్లేట్‌లెట్ అన్నీ వాటి సంతానమే. టి కణం మొదలయ్యేది కూడా అక్కడే, కానీ పూర్తయ్యేది అక్కడ కాదు, అసలు తేడా ఇక్కడే ఉంది. మిర్యాలగూడ ఎడమ కాలువ కింద వరి పెట్టే రైతుకు చెప్పనక్కర్లేదు, నారుమడిలో ఎంత పచ్చగా మొలిచినా నాటు పడకపోతే గింజ రాదు. మజ్జలోంచి కొద్దిపాటి ముందుతరం కణాలు రక్తంలో పడి, రొమ్ము ఎముక వెనక, గుండె పైన ఉండే థైమస్‌కు చేరాలి. అక్కడ నాటుకుంటేనే అది టి కణం అవుతుంది. టి అనే అక్షరమే థైమస్ నుంచి వచ్చింది. తల్లి కడుపులో ఎనిమిదో వారం నాటికే ఈ ప్రయాణం మొదలవుతుంది, అప్పటికి మజ్జ ఇంకా పనిలోకి రాదు కాబట్టి ఆ కణాలు కాలేయం నుంచి వస్తాయి.

ఈ గ్రంథి చాలామంది ఇళ్ల దాకా వచ్చి పోతుంది కూడా. లేత పొట్టేలును కోసినప్పుడు మెడ కింద, గుండె మీద తెల్లగా, మెత్తగా ఉండే ముక్క అదే. ముదురు పొట్టేలులో వెతికితే దాని చోట కొవ్వే ఉంటుంది. మనిషికీ అంతే, పసితనంలో ఒంటి సైజుతో పోలిస్తే చాలా పెద్దది, యవ్వనం వచ్చాక కుంచించుకుపోతూ ఉంటుంది. అందుకే చాలాకాలం దీన్ని పనికిరాని గ్రంథి అనుకున్నారు. 1961లో జాక్ మిల్లర్ అనే ఆస్ట్రేలియా శాస్త్రవేత్త లండన్‌లో పనిచేస్తూ, అప్పుడే పుట్టిన ఎలుక పిల్లల్లో థైమస్ తీసేసి చూశాడు. లింఫోసైట్లు పడిపోయాయి, జబ్బులు చుట్టుకున్నాయి, వేరే ఎలుక చర్మం అతికిస్తే దాన్ని పరాయిదని గుర్తించి తోసేయలేకపోయాయి. అప్పటికి మనిషి అంతరిక్షంలోకి కూడా వెళ్లొచ్చాడు, మన గుండె మీద ఉన్న గ్రంథి పనేమిటో మాత్రం అప్పుడే తెలిసింది.

థైమస్‌లోకి అడుగుపెట్టిన కణం అప్పటికి ఇంకా టి కణం కాదు. దాని ఒంటి మీద సీడీ34 అనే గుర్తు ఉంటుంది, అంటే ఇంకా ఎటైనా పోగల కణం అని. అది ఎన్‌కే కణం కావచ్చు, వేరే తెల్లకణం కావచ్చు, వేరేచోట ఉంటే బి కణం కూడా కావచ్చు. థైమస్ గోడ కణాల మీద డీఎల్ఎల్4 అనే అణువు ఉంటుంది, అది వచ్చిన కణం మీదున్న నాచ్1 అనే దాన్ని తాకుతుంది. ఆ తాకిడే ఆజ్ఞ. ఎలుకల్లో నాచ్1 తీసేసి చూస్తే థైమస్‌లో టి కణాలకు బదులు బి కణాలు తయారయ్యాయి. నాచ్ ఆజ్ఞ అందుతూ ఉంటే కణం లోపల టీసీఎఫ్1, గాటా3, బీసీఎల్11బీ లాంటి ప్రొటీన్లు ఒకదాని వెంట ఒకటి పనిలోకి దిగి మిగతా దారులను మూసేస్తాయి. మనుషుల్లో కణం మీద సీడీ1ఏ అనే గుర్తు వచ్చిందంటే ఇక వెనక్కి పోయేది లేదు, అది టి కణం దారే. ఈ సమయంలో అది బతకడానికి, పెరగడానికి ఐఎల్-7 అనే పోషణ కావాలి. ఎలుకలో ఐఎల్-7 అందుకునే రిసెప్టర్ పాడైతే టి కణాలతో పాటు బి కణాలూ దెబ్బతింటాయి, మనిషిలో బి కణాలు వస్తాయి, టి కణాలే రావు. ఎలుకలో తెలిసిందంతా మనిషికి సరిపోదని చెప్పడానికే ఇది రాశాను. మనిషి థైమస్ గురించి తెలిసినదాంట్లో చాలా భాగం, పసిపిల్లల గుండె ఆపరేషన్లలో దారికి అడ్డమని డాక్టర్లు తీసేసే థైమస్ ముక్కల నుంచి వచ్చిందే.

ఆ తర్వాతి మెట్టు దగ్గరే మా ఇంటి పిల్లలిద్దరి దారి తెగింది. ప్రతి టి కణానికి తనదైన ఒక రిసెప్టర్ కావాలి, శత్రువును పట్టుకునే కొక్కెం అనుకోండి. శత్రువులు లెక్కలేనన్ని, అన్నిటికీ విడివిడిగా జన్యువులు ఉండటం కుదరదు. అందుకని కణం తన డీఎన్ఏలో కొన్ని ముక్కలను కోసి, మధ్యలోది తీసేసి, మిగిలినవాటిని కొత్త వరుసలో అతికిస్తుంది. ఏ రెండు కణాల్లోనూ అతుకు ఒకేలా ఉండటం చాలా అరుదు. ఈ కోత కోసే కత్తెరకు రాగ్1, రాగ్2 అనే రెండు ప్రొటీన్లు కావాలి. బి కణానికీ ఇదే కత్తెర. ఎన్‌కే కణానికి దీనితో పని లేదు. మా బాబు రిపోర్టులో టి లేదు, బి లేదు, ఎన్‌కే మాత్రం ఉంది అని ఉందే, వాడు పోయిన తర్వాత వచ్చిన జన్యు పరీక్ష కూడా అదే చెప్పింది, రాగ్1లో తప్పు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఇద్దరికీ చెరొక మంచి కాపీ ఉంది కాబట్టి వాళ్లకు ఏ జబ్బూ లేదు. రెండు చెడ్డ కాపీలూ ఒకే బిడ్డకు పోయే అవకాశం ప్రతి కాన్పులో నాలుగింట ఒకటి. దిష్టీ కాదు, గ్రహమూ కాదు, మా అక్క నా కాళ్ల మీద పడి ఏడ్చినట్టు ఆమె చేసిన పాపమూ కాదు.

కోత బాగా జరిగిన పిల్లల్లో కూడా పరీక్షలు అయిపోవు. ముందు రిసెప్టర్‌లో ఒక సగమైన బీటా గొలుసు సరిగ్గా అతికిందా అని చూసుకోవడం జరుగుతుంది, లేకపోతే కణం చచ్చిపోతుంది. తర్వాత సీడీ4, ఆపై సీడీ8 గుర్తులు వచ్చి రెండూ ఉన్న దశకు చేరుతుంది, రెండో సగమైన ఆల్ఫా గొలుసు కూడా అతుకుతుంది. అప్పుడు థైమస్ రెండు విషయాలు చూస్తుంది. మన ఒంటి కణాలు చూపించేదాన్ని అసలు చదవగలదా? చదవగలిగితే, మన ఒంటినే శత్రువు అనుకుంటుందా? మొదటిది రానివి పోతాయి, రెండోది ఎక్కువైనవీ పోతాయి. ఎయిర్ అనే జన్యువు పాంక్రియాస్, థైరాయిడ్ లాంటి ఎక్కడెక్కడి అవయవాల ప్రొటీన్లనో థైమస్ లోపలే కొద్దికొద్దిగా తయారు చేయించి చూపిస్తుంది, వీటి మీదికి పోవద్దు అని. ఇన్ని వడపోతల్లో నూటికి తొంభై ఐదుకు పైగా కణాలు అక్కడే రాలిపోతాయి. మిగిలినవే సీడీ4గానో సీడీ8గానో రక్తంలోకి వస్తాయి, వాటినే నేను స్లైడ్ మీద లెక్కపెడతాను.

ఇప్పుడు మీ వ్యాసం సంగతి. తిండి ముఖ్యమే, తీవ్రమైన పోషకాహార లోపంతో థైమస్ కుంచించుకుపోతుందని తెలిసిందే, అంగన్‌వాడీ గుడ్డు, పాలు అందుకే అంత అవసరం. కానీ రాగ్1 లేని బిడ్డకు ఏ కషాయమూ ఆ కోత కోసిపెట్టదు. మా మేనకోడలు ఆరు నెలలు ఎవరు ఏం చెబితే అది నూరి పోసింది. "ఇమ్యూనిటీ తక్కువుంది, పెరిగితే అదే తగ్గుతది" అన్న మాట నమ్మి మేం పోగొట్టుకున్న రెండు నెలలు మళ్లీ రావు. ఈ జబ్బుకు మందు లేదని కాదు, ఉంది. 1968లోనే అమెరికాలో ఇలాంటి బిడ్డకు ఎముక మజ్జ మార్పిడి చేసి నిలబెట్టారు. అవతలివారి మజ్జలోని ముందుతరం కణాలు బిడ్డ థైమస్‌కు చేరి, అక్కడ పైన చెప్పిన చదువంతా చదివి టి కణాలు అవుతాయి. 2000 నుంచి 2009 మధ్య ఉత్తర అమెరికాలో మార్పిడి జరిగిన 240 మంది పిల్లల లెక్క 2014లో వచ్చింది, మూడున్నర నెలల లోపు చేసినవాళ్లలో ఐదేళ్లకు 94 శాతం బతికి ఉన్నారు. మూడున్నర నెలలు. మా వాడి రక్తం నా దగ్గరికి వచ్చేసరికే నాలుగో నెల.

అంత తొందరగా ఎట్లా తెలుస్తుంది అంటే, ఆ డీఎన్ఏ కోతలోనే దారి ఉంది. కోసి తీసేసిన మధ్య ముక్క చివరలు అతుక్కుని గుండ్రంగా చిన్న చేతి గాజులాగా కణంలోనే ఉండిపోతుంది. పుట్టిన బిడ్డ మడమ నుంచి ఒక చుక్క రక్తం కాగితం మీద ఆరబెట్టి, అందులో ఈ గాజులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే థైమస్ పని చేస్తుందో లేదో తెలిసిపోతుంది. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం 2008లో ప్రతి బిడ్డకూ ఈ పరీక్ష మొదలుపెట్టింది, 2018 చివరికల్లా ఆ దేశంలో అన్ని రాష్ట్రాలకూ వచ్చేసింది. మన దగ్గర ప్రతి బిడ్డకూ చేసే పద్ధతి లేదు. నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, మేనరికాలు ఎక్కువున్న ఈ జిల్లాల్లోనే ఈ పరీక్ష ముందు మొదలుపెట్టాలని సర్కారును గట్టిగా అడుగుతున్నాను. మీరూ అడగండి.

అది వచ్చేదాకా చేయగలిగింది మూడు నాలుగొందల సీబీపీలోనే ఉంది. లింఫోసైట్ల శాతాన్ని టోటల్ కౌంటుతో గుణించి వందతో భాగించండి. ఏడాది లోపు బిడ్డకు 3,000 కంటే తక్కువ వస్తే ఇన్ఫెక్షన్ వల్లే అనుకుని వదలకుండా మళ్లీ చేయించండి, మళ్లీ తక్కువే ఉంటే పిల్లల డాక్టర్‌కు ఆ అంకె చూపించి అడగండి. తల్లి టి కణాలు కొన్ని బిడ్డలోకి వచ్చి లెక్క బాగున్నట్టు కనిపించే సందర్భాలూ ఉన్నాయి, కాబట్టి అంకె బాగుందని బిడ్డ మళ్లీ మళ్లీ జబ్బు పడుతున్నా ఊరుకోవద్దు. నా తోటి టెక్నీషియన్లకు ఒక మాట, చాలా ల్యాబుల్లో పసిపిల్లల రిపోర్టు మీద కూడా పెద్దవాళ్ల లెక్కే, 20 నుంచి 40 అనే ప్రింటవుతుంది. దాంతో ఏమవుతుందంటే, లింఫోసైట్లు 62 ఉన్న ఆరోగ్యమైన బిడ్డకు పక్కన ఎక్కువ అనే అర్థంతో హెచ్ అని పడి తల్లిదండ్రులకు ఊరికే టెన్షన్, మా వాడిలాంటి బిడ్డకు తక్కువ అనే అర్థంతో ఎల్ అని పడినా అది పెద్దవాళ్ల 20తో పోల్చిన ఎల్, ఆ వయసుకు సగానికి పైగా ఉండాల్సింది ఎనిమిదే ఉందని ఎవరికీ తట్టదు. మిషన్‌లో వయసును బట్టి లెక్క మార్చుకునే వీలుంది, పది నిమిషాల పని. నేను మార్చాను.

పాలమూరు నుంచి ముంబై, పుణె వలస పోయే కుటుంబాలకు ఇంకో కష్టం, ఏ ఊళ్లో చేయించిన రిపోర్టు ఆ ఊళ్లోనే పోతుంది, ప్రతి డాక్టరూ మొదటి నుంచి మొదలుపెడతాడు. కాగితాలన్నీ ఒక కవర్లో వేసి బిడ్డతో పాటే పెట్టుకోండి. ఇంతకు ముందు ఒక బిడ్డ ఏడాది లోపు ఇన్ఫెక్షన్లతో పోయి ఉంటే, ఆ మాట టీకా వేసే ముందే ఏఎన్ఎంకు, డాక్టర్‌కు చెప్పండి. టీకాలు మానేయమని చెప్పడం లేదు, పొరపాటున కూడా అట్లా అర్థం చేసుకోవద్దు, మిగతా పిల్లలందరికీ టీకాలే దిక్కు. బీసీజీ, పోలియో చుక్కలు, రోటా వైరస్ టీకాల్లో బతికున్న బలహీన క్రిమి ఉంటుంది, టి కణాలే లేని బిడ్డకు అది ప్రమాదం, అందుకే ముందు చెప్పాలి. అలాంటి బిడ్డకు రక్తం ఎక్కించాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చిన రక్తమే కావాలని కూడా గుర్తుపెట్టుకోండి.

ఖర్చు అనేది నిజమైన భయం, మా తమ్ముడు ఉన్న ఎకరం అమ్మడానికి కూడా సిద్ధపడ్డాడు. కేంద్రం 2021లో తెచ్చిన అరుదైన వ్యాధుల విధానంలో ఈ జబ్బు ఉంది, 50 లక్షల దాకా సాయం చేసే వీలుంది, హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ దానికి కేంద్రాలు. ఇది మాకు బాబు పోయాక తెలిసింది. మీ జిల్లా ఎడిషన్లో ఒక బాక్సులో వేస్తే వేరే ఎవరికైనా ముందే తెలుస్తుంది.

మా మేనకోడలికి మూడోసారి నెల తప్పగానే నిమ్స్ జెనెటిక్స్ విభాగానికి పంపించాం. మూడో నెలలో చేసిన పరీక్షలో బిడ్డకు ఒకే చెడ్డ కాపీ ఉందని, తల్లిదండ్రుల్లాగే బాగుంటుందని చెప్పారు. ఆడపిల్ల పుట్టింది. మూడో రోజు డాక్టర్ రాసిన సీబీపీ నేనే చేశాను, స్లైడ్ వేసి రెండుసార్లు లెక్కపెట్టాను. టోటల్ 12,600, లింఫోసైట్లు 41, అంటే 5,166. డాక్టర్ సరే అన్న తర్వాతే బీసీజీ వేయించాం. నెలన్నరకు ఎడమ భుజం మీద చిన్న పొక్కు లేచింది, కొన్నాళ్లు చీము కారి ఎండింది, ఇప్పుడు మచ్చ ఉంది. మా అక్క పిల్లకు నీళ్లు పోసినప్పుడల్లా ఆ మచ్చను వేలితో తడిమి చూసుకుంటుంది.

ఇట్లు,
ఒక ల్యాబ్ టెక్నీషియన్,
నల్లగొండ.